మా అత్తయ్య చెప్పిన పచ్చిపాల సంగతి

మా అత్తయ్య ప్రమీలారాణి గారి నోట్లో మాట నిలవదు. ఊళ్ళో ఎవరింట్లో కూర మాడిందో సాయంత్రానికల్లా ఆవిడకు తెలుస్తుంది, భోజనాల వేళకు మాకు తెలుస్తుంది. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం నా దగ్గర నెలల తరబడి దాచారు. దాచినందుకు నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. దాన్ని ఆవిడ బయటపెట్టిన తీరు తలుచుకుంటే మాత్రం ఇవాళ్టికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మాది నూజివీడు దగ్గర ఒక పల్లె. మామయ్య బసవపున్నారావు గారు పోయిన తర్వాత మామిడి తోట మొత్తం అత్తయ్యే చూసుకుంటున్నారు. పూతకి మందు కొట్టించడం, పిందెలకి కాగితం కవర్లు కట్టించడం, కోతకి కూలీలను పిలవడం, కాయ కొనడానికి వచ్చిన షావుకారుతో పోట్లాడటం, అన్నీ ఆవిడే. ఒకసారి ఒక షావుకారు విసిగిపోయి, "మీరు లాయరు అవ్వాల్సిందండీ అమ్మగారూ" అన్నాడు. "అయ్యుంటే మొదటి కేసు నీ మీదే వేసేదాన్ని. టీ చల్లారిపోతోంది, తాగు" అన్నారు అత్తయ్య. అతను తాగాడు, ఆవిడ చెప్పిన రేటుకే కాయ తీసుకెళ్ళాడు.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. హనుమాన్ జంక్షన్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. సూక్ష్మక్రిముల గురించి చదువుకున్న మనిషికి పిల్ల పుడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. మనోజ్ఞ పుట్టిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నీళ్ళు కాచాలి, స్పూన్లు మరగబెట్టాలి, పాలు పొంగాక ఇంకాసేపు సన్నసెగ మీద ఉంచాలి. మా ఆయన ఉదయ్ కిరణ్ నవ్వేవాడు. "పిల్లని పెంచుతున్నావా, ల్యాబులో శాంపిల్‌ని పెంచుతున్నావా తేజా?"

అత్తయ్య కొడుకు వైపే. "వీణ్ణి మట్టిలో వదిలేస్తే ఆరడుగులు పెరిగాడమ్మాయ్."

"అందుకే బుర్రలో కూడా మట్టే ఉంది అత్తయ్యా."

"అది వాళ్ళ నాన్న పోలిక. మట్టి తప్పేం లేదు."

నేను కాలేజీకి వెళ్ళిన తర్వాత మనోజ్ఞ నానమ్మతోనే ఉండేది. తోటలో కవర్లు కట్టే ఆడవాళ్ళ మధ్య తిరిగేది, ఎండుటాకులు పోగేసేది, తోట కాపలా ఉండే చిన్నయ్య, సీతమ్మల పాక దగ్గర మేకపిల్లల్ని ఎత్తుకుని కూర్చునేది. నాకు ఇబ్బందిగానే ఉండేది. కానీ నానమ్మ పక్కన ఉన్నంతసేపు ఆ పిల్ల మొహంలో కనిపించే వెలుగు చూసి ఊరుకునేదాన్ని. చేతులు సబ్బుతో కడిగించమని మాత్రం రోజూ చెప్పేదాన్ని. అత్తయ్య రోజూ కడిగించేవారు కూడా.

నాలుగు దాటి ఐదో ఏడు నడుస్తున్నా మనోజ్ఞ బక్కగానే ఉండేది. బరువు చూసినప్పుడల్లా డాక్టరు పర్వాలేదనేవారు. అత్తయ్యకి మాత్రం పర్వాలేదనిపించేది కాదు. "ఫ్యాను స్పీడు పెంచకండర్రా, పిల్ల ఎగిరిపోతుంది" అనేవారు.

మామిడి పిందెలు గోళీకాయలంత ఉన్న రోజుల్లో ఒక పొద్దున మనోజ్ఞ మంచం దిగి కుడికాలు నేలమీద పెట్టనంది. ఎక్కడా దెబ్బ లేదు, వాపు లేదు. నూజివీడులో పిల్లల డాక్టరు చూసి, జలుబు చేసి తగ్గాక పిల్లలకు ఒక్కోసారి తుంటి కీలు ఇలా పట్టేస్తుంది, దానంతట అదే పోతుంది అన్నారు. అన్నట్టే పోయింది. పది రోజులు గెంతింది. మళ్ళీ కుంటడం మొదలుపెట్టింది. ఈసారి సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండేది. థర్మామీటరు పెడితే చెప్పుకోదగ్గ జ్వరం కాదు. తెల్లవారేసరికి దిండు తడిసిపోయేది. నేను ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. చదివినవేవీ ఇక్కడ రాయను. పిల్లలున్న తల్లులకు అవి ఎలాంటివో తెలుసు.

చివరికి విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సరిగ్గా బంగినపల్లి కోత మొదలైన వారం అది. కోత సమయంలో అత్తయ్య తోట వదిలి రావడం మా పెళ్ళయ్యాక నేను చూడలేదు. అప్పుడు మాత్రం రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చేశారు. ఉదయ్‌ని కోతకి ఉంచి, మనోజ్ఞ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఫోన్లో తోట నడిపించేవారు. "ఒరేయ్, కాయ రాలగొట్టొద్దు, చిక్కంతో కోయించు. తొడిమ ఉండాలి. సొన కారిందంటే కాయ మచ్చపడుతుంది, నీ మొహంలాగా." పక్క మంచాల వాళ్ళు నవ్వేవారు. రెండో రోజుకి వార్డులో ఏ పిల్లకి ఏం జబ్బో, ఎవరి అత్తగారు ఎలాంటిదో అన్నీ ఆవిడకు తెలిసిపోయాయి.

స్కానింగులో తుంటి కీలులో నీరు కనిపించింది. ఆ నీరు తీసి పరీక్షకు పంపారు. మామూలుగా చీము పట్టించే క్రిములేవీ కనపడలేదు. క్షయ కాదన్నారు. రక్తపరీక్షల్లో ఏదో వాపు ఉందని తెలుస్తోంది కానీ ఎందుకో తెలియడంలేదు. పిల్లల కీళ్ళ జబ్బులు చూసే డాక్టరు కృష్ణకాంత్ గారు మెత్తగా మాట్లాడే మనిషి. ఒక రోజు రౌండ్స్‌లో నన్ను చాలా ప్రశ్నలు అడిగారు. ఇంట్లో కీళ్ళవాతం ఎవరికైనా ఉందా, ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళారా, ఒంటిమీద దద్దుర్లు వచ్చాయా.

"పశువుల పాలు పచ్చివి ఏమైనా తాగిందా?"

"లేదండీ. మా ఇంట్లో ప్యాకెట్ పాలు కూడా బాగా మరిగించే వాడతాం. నేను జువాలజీ లెక్చరర్నండీ."

ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. స్టూలు మీద బత్తాయి వలుస్తున్న అత్తయ్య చేతులు ఆగాయి. తొక్కలు ఒళ్ళో పడిపోయాయి. నేను చూశాను కానీ పట్టించుకోలేదు.

ఆ రోజంతా ఆవిడ వార్డులో ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ఉదయ్ నాకు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. "అమ్మకి ఒంట్లో బాలేదా? పెట్టెల సంగతి అడిగితే నీకు తోచినట్టు చెయ్యరా అంది."

"అంటే?"

"అంటే ఏంటి, నాకు తోచినట్టు చెయ్యమంది తేజా! నా ముప్పై మూడేళ్ళ జీవితంలో ఎప్పుడూ అనలేదు. బీపీ చూపించు."

చూపించాను. బాగానే ఉంది.

మర్నాడు పొద్దున కృష్ణకాంత్ గారు వచ్చి మంచం దగ్గర నిలబడ్డారు. మనోజ్ఞ నిద్రపోతోంది. దిండు మీద కుడికాలు ఎత్తి పెట్టి ఉంది. పిల్లల్లో వచ్చే ఒక రకం కీళ్ళవాతం అనుకుంటున్నామని, మధ్యాహ్నం నుంచి స్టెరాయిడ్ మందు మొదలుపెడదామని, ఆలస్యమైతే తుంటి ఎముక అరిగిపోయే ప్రమాదం ఉందని చెప్పారు. నేను సరేనన్నాను. ఏదో ఒక పేరు దొరికినందుకు సగం తేలికపడ్డాను కూడా.

అప్పుడు అత్తయ్య లేచి నిలబడ్డారు.

"డాక్టరు గారూ, ఈ మందు ఏం చేస్తుందండీ?"

"ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఉంటుంది కదమ్మా, అది దారితప్పి కీలు మీద పడింది. దాన్ని కాస్త అణచిపెడుతుంది."

"మరి లోపల నిజంగానే ఏదన్నా క్రిమి ఉంటే?"

"ఉంటే దానికి అడ్డూ ఆపూ ఉండదు. అందుకే ముందు ఇన్ని పరీక్షలు చేశాం."

అత్తయ్య కొంగు నడుముకు బిగించారు. తోటలో పనివాళ్ళ ముందు నిలబడేటప్పుడు అలా బిగిస్తారు.

"అయితే నిన్న మా కోడల్ని అడిగిన ప్రశ్న మళ్ళీ అడగండి. ఈసారి నన్ను అడగండి."

"ఏ ప్రశ్నమ్మా?"

"పాల ప్రశ్న."

ఆయన నా వైపు చూశారు. తర్వాత చాలా మర్యాదగా, మొదటిసారి అడుగుతున్నట్టే అడిగారు. "పాప పచ్చిపాలు తాగిందా అమ్మా?"

"తాగింది. నేనే తాగించాను. మా తోట కాపలా వాళ్ళ మేకపాలు. పొదుగు దగ్గర గ్లాసులో పట్టించి, నురగ ఉండగానే ఇచ్చేదాన్ని. కాస్తే బలం పోతుందని మా పుట్టింట్లో అనేవారు. పిల్ల ఒళ్ళు చేస్తుందనుకున్నాను. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ, కాలు నొప్పి వచ్చేదాకా ఇచ్చాను." ఊపిరి తీసుకున్నారు. "అమ్మకి చెప్పొద్దని పిల్లకి నేనే చెప్పాను. మూతికి అంటిన నురగ నా కొంగుతోనే తుడిచేదాన్ని."

పక్క మంచాల వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. నిన్నటిదాకా ఆవిడ కబుర్లకు నవ్వినవాళ్ళే ఇప్పుడు ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. "అత్తయ్యా..." అన్నాను.

"తిట్టాలనుంటే తర్వాత తిట్టమ్మాయ్, పడతాను. ముందు ఆయన్ని రాసుకోనీ." మళ్ళీ ఆయన వైపు తిరిగారు. "ఇంకోటి. ఆ మేకల్లో ఒకటి ఈసుకుపోయింది. నెలలు నిండకుండానే పిల్లలు చచ్చి పడ్డాయి. మొన్న ఇంకోటి కూడా అంతేనని సీతమ్మ ఫోన్లో చెప్పింది. ఇది కూడా చెప్పాలా, అక్కర్లేదా?"

డాక్టరు గారు మంచం అంచు మీద కూర్చున్నారు. రౌండ్స్‌లో ఆయన కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

"చెప్పాలమ్మా. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే."

బ్రూసెల్లోసిస్ అనే జబ్బు నేను పుస్తకంలో చదివిందే. పశువులకు గర్భం నిలవకుండా చేసే బ్యాక్టీరియా, పచ్చిపాల ద్వారా, ఈనినప్పుడు పడే మాయ ద్వారా మనుషులకు వస్తుంది, వారాల తరబడి జ్వరం, ఒళ్ళునొప్పులు. పుస్తకంలో అంతే ఉంది. కృష్ణకాంత్ గారు నడవాలోకి పిలిచి మిగతాది చెప్పారు. పిల్లల్లో ఇది పుస్తకంలో రాసినట్టు రాదట. ఒక పిల్లాడిలో జ్వరమే లేకుండా ఒక్క మోకాలు వాస్తుంది. ఇంకొకరిలో రక్తకణాలు తగ్గిపోయి, రక్త కేన్సరేమోనని తల్లిదండ్రుల ప్రాణాలు తోడేస్తుంది. ఎప్పుడో ఒకరిలో మెదడు పొరల మీద పడుతుంది, వెన్నెముకలో దాక్కుంటుంది. మా పిల్లలో తుంటిని ఎంచుకుంది. మామూలు పరీక్షలో ఇది తేలిగ్గా దొరకదు, చాలా నిదానంగా పెరుగుతుంది, ఫలానా దాని కోసం చూడమని ల్యాబుకి చెప్పి పంపితేనే చూస్తారు. "చెప్పడానికి మనకు కారణం ఉండాలి కదండీ. ఆ కారణం ఇవాళ మీ అత్తగారు ఇచ్చారు" అన్నారు.

స్టెరాయిడ్ ఆలోచన మానేశారు. కొత్తగా రక్తం తీసి పంపారు. ఆ జబ్బే అని తేలింది. తర్వాత కొన్నాళ్ళకి కీలు నీటిలో కూడా అదే పెరిగిందని ల్యాబు వాళ్ళు చెప్పారు. ఆపరేషన్ అక్కర్లేదు, సూది కూడా అక్కర్లేదు. రెండు రకాల మందులు, మానకుండా వారాల తరబడి వాడాలి అన్నారు. అందులో ఒక మందు వల్ల ఒంటికి పోస్తే నారింజ రంగులో వస్తుంది. మొదటిసారి అది చూసి మనోజ్ఞ బాత్రూములోంచి కేక పెట్టింది. "నానమ్మా! నాకు జ్యూస్ వస్తోంది!"

"గట్టిగా అనకే, గ్లాసులు పట్టుకొస్తారు" అన్నారు అత్తయ్య.

వార్డంతా నవ్వింది. నేను నవ్వలేదు. అత్తయ్యతో నేను అప్పటికి పని ఉన్న మాటలు తప్ప మాట్లాడటం లేదు. ఆవిడ క్షమించమని అడగలేదు. కారణాలు చెప్పుకోలేదు. ఉదయ్ తల్లి తరఫున ఏదో చెప్పబోతే, "నువ్వు మధ్యలో రాకు, అది పిల్లకి తల్లి" అని నోరు మూయించారు. మందు పడటం మొదలైన వారానికి మనోజ్ఞ సాయంత్రాలు చల్లగా ఉండటం చూసి, "ఇక్కడ నువ్వు చాలు. నాకు ఊళ్ళో పనుంది" అని బస్సెక్కి వెళ్ళిపోయారు.

పని తోట గురించి అనుకున్నాను. సీతమ్మ గురించట. ఆ సంగతి ఉదయ్ చెప్పాడు. ఆవిడ నేరుగా పాక దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రిలో జరిగిందంతా సీతమ్మకీ చిన్నయ్యకీ చెప్పారట.

సీతమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "పిల్లకి మా మేకలే పెట్టాయంటారా ఈ రోగం? ఊళ్ళో మా మొహం ఎట్టా చూపించుకోవాలమ్మా?"

"నీ మేకలకేం తెలుసు? కాచమని నువ్వు అన్నావు, వద్దని నేనన్నాను. ఎవరు అడిగినా నేనలాగే చెబుతా. సరే గానీ, సంవత్సరం నుంచి నడుం నొప్పి, సాయంత్రం వణుకు అంటున్నావే, పద ఆసుపత్రికి."

"అది వయసు నొప్పమ్మా."

"నీదీ నాదీ ఒకటే వయసు. నాకు లేదే?"

"మీరు మావిడికాయ పెట్టెలు మోశారేంటి?"

"నోరు తిరగడానికి మాత్రం నొప్పి లేదు. ఎక్కు ఆటో."

సీతమ్మకీ అదే జబ్బని తేలింది. మేకలు ఈనినప్పుడు వట్టి చేతులతో పిల్లల్ని లాగేది, ఈసుకుపోయినప్పుడు మాయ తీసి పారేసేది. నడుం నొప్పి వయసుదనుకుని ఇన్నాళ్ళూ మాత్రలు మింగుతూ పని చేసింది. ఇప్పుడు ఆమె కూడా మందులు వాడుతోంది, జ్వరం పోయింది. పశువుల డాక్టరు వచ్చి మేకలన్నిటికీ పరీక్ష చేసి, రోగమున్నవాటిని మందలోంచి తీసేయించారు. సీతమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అత్తయ్య మా కొట్టంలోంచి చూడిగేదెను, అదే డాక్టరు చేత పరీక్ష చేయించి మరీ, ఆమె పాక ముందు కట్టేయించారు. సీతమ్మ వద్దంటే, "మీ ఆయన్ని అడిగానా నిన్ను అడగడానికి?" అన్నారట. ఎందుకన్నారో ఎవరికీ అర్థం కాలేదు కానీ గేదె మాత్రం అక్కడే ఉండిపోయింది.

మేము ఇంటికి వచ్చాక బాపులపాడులో ఒక పెళ్ళికి వెళ్ళాం. అత్తయ్య భోజనాల బంతిలో కూర్చుని, పక్కన చుట్టాలావిడ చంటిపిల్లకి మేకపాలు మంచివని అంటుంటే విన్నారు. చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టారు. "నేను నా మనవరాలికి చేసిన పని చెబుతా, వినండర్రా." మొత్తం చెప్పారు. కొంగుతో నురగ తుడిచింది కూడా. ఒకావిడ మూతి తిప్పింది. "మన తాతలు తాగలేదేంటి పచ్చిపాలు?"

"తాగారు. ఎంతమంది నడుం పట్టుకుని మూలన కూర్చున్నారో మనకి తెలుసా? వయసు అనుకున్నాం. పాలు మంచివే తల్లీ, పొంగించి పొయ్యి."

నేను రెండు వరసల అవతల ఉన్నాను. తన తప్పుని తానే పదిమందిలో పెట్టి, అందరి చూపులూ భరిస్తూ చెబుతున్నారు. అలా ఎంతోమందికి చెప్పారని తర్వాత తెలిసింది. వార్డులో ఆవిడ నోరు తెరవకపోతే ఏమయ్యేదో నేను సైన్సు చదివిన దాన్ని కాబట్టి వివరంగా ఊహించగలను. మందు మధ్యాహ్నం పడేది. మొదట్లో నొప్పి తగ్గేది కూడా, మేమంతా సంతోషించేవాళ్ళం. లోపల అది తుంటిని తినేస్తూ ఉండేది. పిల్ల బతుకంతా కుంటేది. ఆ పెళ్ళిలో నేను లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ తన ఆకులోని బూరె తీసి నా చేతిలో పెట్టారు.

జూన్‌లో కాలేజీ తెరిచారు. మందుల కోర్సు ముగింపుకు వచ్చింది. కృష్ణకాంత్ గారు మనోజ్ఞని నడిపించి, గెంతించి, కాలు అన్ని వైపులా తిప్పి చూసి, స్కానింగులో నీరు లేదని చెప్పారు. ఇంకో ఏడాది అప్పుడప్పుడూ చూపించాలి. నేను ఉద్యోగానికి వెళ్ళాల్సిన ముందురోజు సాయంత్రం అత్తయ్య మనోజ్ఞ బట్టలు మడతపెట్టి బ్యాగులో సర్దుతున్నారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఉంగుటూరు. మీ అమ్మ దగ్గర దింపు. నా దగ్గర వదిలేసి నువ్వు అక్కడ పాఠం ఏం చెబుతావు, మనసంతా ఇక్కడే ఉంటుంది." నా వైపు చూడలేదు. "నాకేం కష్టం లేదు. ఆదివారాలు చూసొస్తా."

గౌను మీద ముడతలు లేకపోయినా చేత్తో సవరిస్తూనే ఉన్నారు. ఆ పిల్లని వదిలి ఉండటం ఆవిడకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా అబద్ధం ఎందుకు, మా అమ్మ పేరు వినగానే ఒక క్షణం నిజంగానే ఆలోచించాను.

తర్వాత బ్యాగులోంచి గౌన్లు ఒక్కొక్కటీ బయటికి తీశాను.

"మా అమ్మ మంచిదే అత్తయ్యా. కానీ నాకు కోపం వస్తుందనుకుంటే ఏదీ చెప్పదు. మీరు చెబుతారు."

"మూడు నెలలు చెప్పలేదుగా."

"చెప్పాల్సిన రోజున చెప్పారు."

ఆవిడ ఖాళీ బ్యాగు మడిచి, "అయితే పొద్దున్నే ఆ జ్యూసు మాత్ర ఎన్నింటికి వెయ్యాలో మళ్ళీ చెప్పు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, పిల్ల చెట్టెక్కింది. నేనే ఎక్కనిచ్చాను. నువ్వొచ్చాక ఎవరో చెబితే తెలియడం ఎందుకని ఇప్పుడే చెబుతున్నా."

"ఎంత ఎత్తు?"

"రసాల చెట్టు కింది కొమ్మ. నా భుజం దాకా ఉంటుంది. కింద సీతమ్మ చేతులు చాచి నిలబడింది."

"కాలు?"

"కుడికాలే ముందు వేసి ఎక్కింది."

నేను క్యారేజీ మూత పక్కన పెట్టేశాను. అటునుంచి మనోజ్ఞ ఇంకో కొమ్మ ఎక్కుతానని అరుస్తోంది. నన్ను అడగమని అత్తయ్య దానికి చెబుతున్నారు.

"ఇంకొక్క కొమ్మే" అన్నాను. "తర్వాత దింపెయ్యండి అత్తయ్యా."